విచారణ బల్లకు రెండు వైపులా టీటీకే

పార్లమెంటు పాత చర్చలు చదివే అలవాటు ఉండటం వల్ల, ఉభయసభల సభ్యులతో సంయుక్త పార్లమెంటరీ సంఘం వేయాలన్న డిమాండు వినిపించిన ప్రతిసారీ నాకు టి.టి. కృష్ణమాచారి (టీటీకే) గుర్తుకొస్తారు. ఏడేళ్ల వ్యవధిలో ఆయన విచారణ బల్లకు రెండు వైపులా కూర్చున్నారు.

బొంబాయి బులియన్ వ్యాపారుల సంఘం నుంచి డబ్బు పుచ్చుకొని, వారికి అనుకూలంగా సభలో ప్రశ్నలు వేశారన్న ఆరోపణ 1951లో హెచ్.జి. ముద్గల్ అనే కాంగ్రెస్ సభ్యుడి మీద వచ్చింది. జూన్‌లో సభ నియమించిన అయిదుగురి సంఘానికి టీటీకే అధ్యక్షుడు. సభ్యుల్లో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి, మరుసటి ఏడాది హైదరాబాదు శాసనసభకు తొలి స్పీకర్ అయిన కాశీనాథరావు వైద్య ఉన్నారు. సెప్టెంబరులో బహిష్కరణ తీర్మానాన్ని స్వయంగా నెహ్రూ ప్రవేశపెట్టగా, ఓటింగుకు ముందే ముద్గల్ రాజీనామా ఇచ్చారు. సభ అంతటితో వదలలేదు. ఆయన బహిష్కరణకు అర్హుడేననీ, రాజీనామా లేఖలోని మాటలు సభాధిక్కారమనీ తీర్మానించింది. మొత్తం వ్యవహారం నాలుగు నెలల లోపే ముగిసింది.

అయితే అక్కడ బోనులో నిలిచినది ఒక్క సభ్యుడే తప్ప ప్రభుత్వం కాదు. 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లేవనెత్తిన ముంద్రా వ్యవహారం అలాంటిది కాదు. అంతకు ముందు ఏడాదే ఏర్పడిన జీవిత బీమా సంస్థ, తన పెట్టుబడుల సంఘాన్ని సంప్రదించకుండానే, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలను సుమారు కోటీ పాతిక లక్షలకు కొన్నది. ఇప్పుడు ఆర్థికమంత్రి టీటీకే. నిలదీసినది అధికారపక్ష సభ్యుడే, పైగా ప్రధానికి అల్లుడు. ఈ విచారణను సభ్యుల సంఘానికి కాక బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాకు అప్పగించారు. ఆయన దాన్ని బహిరంగంగా జరిపారు. వచ్చిన జనం కోసం మైకులు పెట్టవలసి వచ్చింది. ఆర్థికశాఖ కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగరీత్యా మంత్రే బాధ్యుడని ఆయన తేల్చడంతో 1958 ఫిబ్రవరిలో టీటీకే పదవి వదులుకున్నారు.

ప్రభుత్వం మీది ఆరోపణను సభ్యుల సంఘమే విచారించినప్పుడు ఏమవుతుందో బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు వ్యవహారం చూపించింది. 1987లో బి. శంకరానంద్ అధ్యక్షతన వేసిన సంయుక్త సంఘాన్ని, నాటి లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమైన తెలుగుదేశంతో సహా ప్రధాన ప్రతిపక్షాలు బహిష్కరించాయి. దళారుల ప్రమేయానికి ఆధారం లేదని 1988లో ఆ సంఘం చెప్పింది. మరుసటి ఏడాది ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక కొనుగోలు తీరునే తప్పుపట్టడంతో ప్రతిపక్ష సభ్యులు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. సంఘంలో పార్టీల వాటా సభలో వాటి బలాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, మెజారిటీ అభిప్రాయం ఎటు మొగ్గుతుందో నియామకం నాడే ఊహించవచ్చు. దానికి తోడు సాక్ష్యాలన్నీ మూసిన తలుపుల వెనుకే. నా దృష్టిలో ఈ రెండో లోపమే పెద్దది; చాగ్లా ముందు పలికిన జవాబులను మర్నాడు దేశమంతా పత్రికల్లో చదివింది.

టెలికాం కంపెనీలకు 2జీ స్పెక్ట్రం కేటాయింపుల మీద సంయుక్త సంఘం వేయాలన్న ప్రతిపక్షాల పట్టుదలతో 2010 శీతాకాల సమావేశాలు దాదాపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. 2011లో పి.సి. చాకో అధ్యక్షతన 30 మందితో సంఘం ఏర్పడింది. తాను వచ్చి సాక్ష్యం చెబుతానని మాజీ టెలికాం మంత్రి ఎ. రాజా కోరారు. ఆయనను పిలవకుండానే, లిఖితపూర్వక వివరణతో సరిపెట్టుకొని నివేదిక రాశారు.