గోట్జ్ ప్యాటర్న్ కాయిన్ ఒకటి చేతికొచ్చేదాకా - నా అనుభవం

వైమార్ జర్మనీ (మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, హిట్లర్ రాకముందు జర్మనీ) కాయిన్స్ కలెక్ట్ చేసేవాళ్ళకి కార్ల్ గోట్జ్ పేరు కొత్త కాదు, మ్యూనిక్ మెడల్ ఆర్టిస్ట్, 1915లో లూసిటానియా ఓడ మునక మీద మెడల్ చేసింది ఆయనే. 1923 ఇన్‌ఫ్లేషన్లో మార్క్ చిత్తుకాగితం అయిపోయి, 1924లో రీచ్‌మార్క్ వచ్చాక, ఆయన తన సొంత డిజైన్లతో శాంపిల్ నాణేలు కొట్టించాడు (ప్యాటర్న్స్ అంటే ఇవే), అవి చలామణీలోకి రాలేదు. వాటిల్లో అప్పటి జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ బొమ్మ ఉన్న 5 రీచ్‌మార్క్ వెండిది ఒకటి కావాలని నాకు ఎప్పట్నుంచో ఉంది.

తలనొప్పంతా ఎక్కడంటే గోట్జ్ మెడల్స్ చాలావరకు 36 మిల్లీమీటర్లు, అప్పటి 5 రీచ్‌మార్క్ సైజూ అంతే, పైగా 1927లో హిండెన్‌బర్గ్ 80వ పుట్టినరోజుకి మెడల్స్ బోలెడు వచ్చాయి. ఆన్‌లైన్లో ఒకాయన ప్యాటర్న్ అని అమ్మకానికి పెట్టాడు, వెనకవైపు నాణేనికి ఉండాల్సిన విలువ (5 రీచ్‌మార్క్ అని) ఎక్కడా లేదు, అంచు ఫొటో అడిగి తెప్పించుకుంటే మ్యూనిక్ మింట్ పేరు ఉంది అంతే. అది మెడలే. మెడల్‌గా ఎంత బాగుందో చెప్పలేను, కానీ ప్యాటర్న్ రేటుకి కొనలేం కదా, వదిలేశా.

తర్వాత ఒక ఆక్షన్ కేటలాగ్‌లో అసలు ప్యాటర్న్ కనబడింది, షాఫ్ నంబర్‌తో సహా (జర్మన్ ప్యాటర్న్స్‌కి అందరూ చూసేది షాఫ్ రాసిన కేటలాగే). వ్యూయింగ్ రోజు (వేలానికి ముందు వస్తువులు చూపించే రోజు) వెళ్ళి ఆ కాయిన్ అడిగితే ట్రేలో మెత్తటి గుడ్డ మీద పెట్టి ఇచ్చారు. అంచులు మాత్రమే పట్టుకుని 10ఎక్స్ లూప్‌తో (పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం) చూశా, "5 రీచ్‌మార్క్" అక్షరాల మూలలు పదునుగా ఉన్నాయి, పోతపోసిన నకిలీల్లో కనిపించే చిన్న చిన్న గుంటలు ఎక్కడా లేవు. అప్పుడే డిసైడైపోయా. బిడ్ వేసేటప్పుడు మాత్రం ప్రీమియం (ఆక్షన్ వాళ్ళు పైన తీసుకునే కమిషన్) కలుపుకుని లెక్కేసుకోండి, 20 శాతం పైనే పడుతుంది, దాంతోనే చాలామంది బడ్జెట్ తప్పుతుంది.

ఇంటికొచ్చాక దారంతో నీళ్ళలో వేలాడదీసి సాంద్రత చూశా. మామూలు వైమార్ నాణేల్లో వెండి సగమే, అందుకే వాటికి 9.7 దగ్గర రావాలి, 900 వెండికైతే (అంటే 90 శాతం వెండి) 10.3. నాది 10.2 చూపించింది, దారం తడి, గాలిబుడగ ఇలాంటివాటికి ఆ మాత్రం తేడా వస్తుంది. ఆక్షన్ ట్యాగూ, బిల్లూ కూడా కాయిన్‌తో పాటే అదే పెట్టెలో పెట్టా, ప్యాటర్న్‌కి ఎవరి చేతుల్లోంచి వచ్చిందన్న కాగితం లేకపోతే రేపు కొనేవాడు నమ్మడు.