ఆడవాళ్ళ ఇంటిపేర్లు చెరగని ఊరు

బోస్టన్ నుంచి 93, 91 రహదారులు పట్టుకుని కెనడాలోని క్యూబెక్ నగరానికి వెళ్ళే దారి ఇక్కడి మనవాళ్ళకు కొత్త కాదు. అందరూ నగరం కోటగోడలు చూసి వెనక్కి వచ్చేస్తారు. మేము అక్కడ ఆగలేదు. మేము వెళ్ళిన జులైలో గోడల లోపల గదికి రాత్రికి 300 డాలర్ల పైమాటే, అందులో ఫలహారం కూడా లేదు. సెయింట్ లారెన్స్ నది దక్షిణపు ఒడ్డున 20వ నంబరు దారి మీద తూర్పుగా మరో గంటన్నర వెళ్ళి రివియేర్-వెల్ చేరుకున్నాం. మా కోడలి పూర్వీకుల ఊరది.

ఆమె పుట్టింటివారు బోల్యూలు. క్యూబెక్ రాష్ట్రంలోని పల్లె వదిలి న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్ బట్టల మిల్లుల్లో పనికి వచ్చిన కుటుంబం. ఆ ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళ్తూంటే ఒక తరం దగ్గర బోల్యూలు మాయమైపోయారు. తండ్రి ఉన్నాడు, ఊరూ అదే, పేరు మాత్రం ఉదోన్!

పక్కనే ఉన్న లా పొకాతియేర్‌లో పాత పత్రాలు భద్రపరిచే చోట ఒక పెద్దావిడ మా ముడి విప్పారు. 1665లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కారిన్యాన్-సాలియేర్ దళంలో సైనికులకు మారుపేర్లు ఉండేవి. ఇరోక్వా ఆదివాసులతో యుద్ధం ముగిశాక నాలుగు వందల మంది దాకా ఇక్కడే స్థిరపడ్డారు, ఆ పేర్లూ వాళ్ళతోపాటు నిలిచిపోయాయి. పియెర్ ఉదోన్ ‘ది’ బోల్యూ, అంటే బోల్యూ అని పిలిచే ఉదోన్, మా కోడలి మూలపురుషుడు. సైనికులు కానివాళ్ళకూ ఊరిని బట్టో, పొలాన్ని బట్టో ఇలాంటి రెండో పేరు వచ్చేది. తర్వాత ఒక కొడుకు ఉదోన్‌గా, ఇంకొకడు బోల్యూగా మిగిలిపోవచ్చు. పైగా బాప్తిస్మంలో ప్రతి మగపిల్లాడికీ జోసెఫ్, ప్రతి ఆడపిల్లకూ మరీ అని ముందు చేర్చేవారట. పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టేవారు. ఒకే తల్లికి ఇద్దరు పియెర్‌లు కనిపిస్తే కంగారు పడకూడదు.

ఇంత గందరగోళంలో వీళ్ళు వంశం ఎలా తేల్చుకుంటారని అడిగాను. ఆవిడ ఒక పెళ్ళి నమోదు తీసి చూపించారు. వరుడి తల్లిదండ్రులు, వధువు తల్లిదండ్రులు నలుగురూ ఉన్నారు. ఇద్దరు తల్లులవీ పుట్టింటి ఇంటిపేర్లే. పియెర్ భార్య మరీ గోబెయ్ ఆ పుస్తకాల్లో గోబెయ్‌గానే ఉంది. రెండు పెళ్ళిళ్ళు చేసుకుని ముసలితనంలో పోయిన ఆడమనిషిని కూడా పుట్టిన పేరుతోనే రాసి పాతిపెట్టారు. 1981 నుంచైతే క్యూబెక్‌లో పెళ్ళయినా స్త్రీ తన పేరే వాడాలని చట్టమే ఉంది. మా కోడలి వంశంలో ఆడవాళ్ళ దారి తెగింది మాంచెస్టర్‌లోనే. అక్కడి సమాధి రాళ్ళ మీద వాళ్ళంతా ‘మిసెస్ బోల్యూ’లైపోయారు.

నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. మా నాయనమ్మ ఏ ఇంటి ఆడపడుచో నాకు తెలియదు. తద్దినం రోజున అన్నయ్య ఆమె పేరూ గోత్రమూ చెబుతాడు. ఆ గోత్రం తాతయ్యది. ఇంటిపేరూ తాతయ్యదే. మన ఇళ్ళలో పుట్టింటిపేరు పెళ్ళిపీటల మీదే వదిలించేసి, తరాల తర్వాత ‘మన వంశం’ అని గొప్పగా చెప్పుకుంటాం. అందులో సగం మనుషులు ఎక్కడివారో ఎవరికీ పట్టదు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

 

రాత్రి అన్నయ్యకు ఫోను చేశాను. నాయనమ్మ పుట్టింటి పేరు ఆయనకూ గుర్తు లేదు. మా మేనత్త కూతురికి తెలిసి ఉండవచ్చన్నాడు. ఆమెకు ఎనభై దాటాయి. సంక్రాంతి దాకా ఆగకుండా రేపే అడగమని చెప్పాను.