మూతపడని కన్ను

డిసెంబర్ మొదటి వారం. పొద్దున నల్లా దగ్గర నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తే ఎడమ మూల నుంచి కారిపోయాయి. మళ్లీ పోసుకున్నాను, మళ్లీ కారాయి. రెండు రోజులుగా ఎడమ చెవి వెనక నొప్పిగా ఉన్నా చలికేమో అనుకున్నాను. అద్దంలో చూస్తే కుడి సగం నా మొహమే. ఎడమ సగం ముడతన్నది లేకుండా కిందికి జారి ఉంది.

"ఏమైంది బిడ్డా, మూతి గట్ల వంకర పోయింది?" అత్తమ్మ గొంతు వణికింది. పక్షవాతమే అనుకున్నాం అందరం. పక్కింటివాళ్లు పసరు మందు పోసే ఊరు పేరు చెబుతున్నారు. మా ఆయన ఎవరి మాటా వినకుండా కారు మాట్లాడి, దేవరకొండ నుంచి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. ఆ పొద్దు ఆయన అట్లా మొండికేసినందుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

డాక్టర్ చేతులు పైకెత్తమన్నాడు, మాట్లాడించాడు, నుదురు ముడవమన్నాడు. ఎడమవైపు నుదురు కూడా కదల్లేదు. పక్షవాతం వచ్చి మూతి వంకర పోతే సాధారణంగా నుదురు ముడత పడుతుందట. నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞ అందుతుంది కాబట్టి. నాది పక్షవాతం కాదు, బెల్స్ పాల్సీ. మొహాన్ని కదిలించే ఏడో నరం చెవి వెనక సన్నటి ఎముక దారిలోంచి వస్తుంది, అది అక్కడ వాచి నలిగింది. చలిగాలి వల్లనా అని అడిగితే, ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న వైరస్ మేలుకోవడం వల్ల కావచ్చన్నాడు. 72 గంటల్లోపు స్టెరాయిడ్ గోళీలు మొదలుపెడితే మేలని, సమయానికే వచ్చామని చెప్పాడు. ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను: మూతి వంకర పోతే అది పక్షవాతమా కాదా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోకండి. ఆ గంటే పోండి.

కన్ను అన్నిటికన్నా కష్టం. రెప్ప మూతపడదు కాబట్టి కన్ను ఎండిపోయి నల్లగుడ్డు దెబ్బతింటుంది. పగలు చుక్కల మందు, దుమ్ము పడకుండా కళ్లద్దాలు. రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి, రెప్పను చేత్తో దించి టేపు అంటించుకుని పడుకునేదాన్ని.

బడికి సెలవు పెట్టాను. మూడో తరగతి పిల్లలకు ఈ మొహం చూపించలేననుకున్నాను. చూడటానికి వచ్చినవాళ్లు నాతో మాట్లాడుతూ గోడ మీది క్యాలెండర్ చూసేవాళ్లు. వాళ్ల తప్పు కాదు. నేనూ అద్దం ముందు నుంచి తొందరగా తప్పుకునేదాన్ని. ఇంటర్ చదివే మా బిడ్డ కూడా మొదటి రెండు రోజులు నా చేతులకేసి చూస్తూ మాట్లాడింది.

చూపు తిప్పుకోనిది సుక్క ఒక్కతే. తెల్ల పిల్లి, నుదుట నల్లమచ్చ. మూడేళ్ల కింద వానకు తడిసి మా మెట్ల కింద చేరింది. "కుక్కకున్న ఇశ్వాసం పిల్లికుండదు, అది ఇంటిని చూస్తది గని మనిషిని చూడదు" అని అత్తమ్మ ఎప్పుడూ అంటుంది. నేనూ సగం నమ్మేదాన్ని.

చెవిలోని ఒక చిన్న కండరాన్నీ మొహాన్ని కదిలించే ఆ ఏడో నరమే అదుపు చేస్తుందట. అందుకే ఎడమ చెవికి ప్రతి చప్పుడూ రెట్టింపై వినిపించేది. కుక్కర్ కూతకు ఉలిక్కిపడేదాన్ని, స్టీలు పళ్లెం కింద పెడితే తల పగిలేది. కానీ సుక్క దిండు మీదికెక్కి గురగురమంటే, అంత పెద్దగా వినిపించినా నొప్పనిపించలేదు. దుప్పటిని ముందుకాళ్లతో పిసికేది. తల్లి దగ్గర పాలు తాగేటప్పటి అలవాటు అది, పెద్దయినా పోదు. తర్వాత నా చెంపకు దాని చెంప రుద్దేది. పిల్లుల చెంపల్లో, నుదుట వాసన గ్రంథులుంటాయి, తమ మనుషులకు ఆ వాసన అంటిస్తాయి. పడిపోయిన నా ఎడమ చెంపకు కూడా అంటించింది. వెంట్రుక కంట్లో పడకుండా కళ్లద్దాలు సర్దుకునేదాన్ని గాని దాన్ని నెట్టలేదు.

ఒకరోజు బిడ్డ ఫోన్‌లో చదివి వినిపించింది. పిల్లి మన వైపు చూస్తూ మెల్లగా కళ్లు మూసి తెరిస్తే, నీ దగ్గర నాకు భయం లేదన్నట్టట. ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు 2020లో అచ్చువేసిన పరిశోధనలో, యజమానులు అట్లా మెల్లగా కళ్లు మూస్తే పిల్లులూ బదులు మూశాయట. కొత్త మనిషి అట్లా చేసినా చెయ్యి దగ్గరికి వచ్చాయట. మూడేళ్లుగా సుక్క అట్లా చేస్తుంటే నిద్ర వస్తోందేమో అనుకున్నాను. ఎంత బాధేసిందో.

ఆ సాయంత్రమే ఎదురుగా కూర్చుని ప్రయత్నించాను. కుడి కన్ను మూతపడింది. ఎడమ రెప్ప తెరుచుకునే ఉండి, గుడ్డు కొంచెం పైకి పోయి కింద తెల్లగా కనిపించింది. అది చూసి బిడ్డ తల తిప్పుకుంది. సుక్క మాత్రం కదలకుండా చూసి, మెల్లగా రెండు కళ్లూ మూసి తెరిచింది.

పిల్లి గురగురకు రోగాలు తగ్గుతాయని ఎవరో అన్నారు. నన్ను బాగుచేసింది మందు, కాలం, ఫిజియోథెరపీ. పిల్లి నొప్పిలో ఉన్నా గురగురమంటుంది, దాన్ని వైద్యమనుకోకూడదు. నేను చెప్పేది వేరు. అద్దం ముందు ఊ, ఈ అంటూ, బుగ్గలు ఉబ్బిస్తూ చేసే వ్యాయామం ఏడుపు తెప్పించేది. కళ్లు మూసే వ్యాయామం మాత్రం అద్దం వదిలేసి సుక్క ముందు చేశాను, ఒక్క రోజూ మానకుండా. బిడ్డ కూడా వచ్చి పక్కన కూర్చునేది. నాలుగైదు రోజులకు తల తిప్పుకోవడం మానేసింది.

సంక్రాంతికి అత్తమ్మ సకినాలు చేస్తే కుడివైపే నమిలాను. కానీ ఆ వారమే మూతి మూల కొంచెం కదిలింది. అన్నాళ్లూ సప్పగా అనిపించిన పచ్చిపులుసులో పులుపు తెలిసింది. ఫిబ్రవరి రెండో వారానికి రెప్పల మధ్య దారమంత సందు మిగిలింది.

శివరాత్రికి ముందు ఒక సాయంత్రం ఎప్పటిలా కూర్చున్నాను. మెల్లగా మూశాను. చీకటైంది, రెండు కళ్లకూ. ఇన్నాళ్లూ మూతపడని ఎడమ కంటి సందులోంచి సుక్క మసకగానైనా కనిపిస్తూనే ఉండేది. ఇప్పుడు ఏమీ కనిపించలేదు.

"మూసిందా?" అని అడిగాను.

"మూసిందమ్మా" అంది నా బిడ్డ.