ఎర్రగుడి బండ మీది పాఠం

మన హైస్కూల్లో చదివినవాళ్లను మీదే ఊరని అడిగితే చాలామంది తుగ్గలి స్టేషన్ పేరు చెప్పి ఊరుకుంటారు. నేను మాత్రం కర్నూలు జిల్లా జొన్నగిరి అని చెప్పి, వినే ఓపికున్నవాళ్లను అశోకుని శాసనాలు చెక్కిన బండలున్న ఎర్రగుడి దాకా తీసుకుపోతాను.

అప్పట్లో గుంతకల్లు, నంద్యాల మధ్య మీటర్ గేజ్ బండి నడిచేది. గుంతకల్లులో పుస్తకాలు కొనాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా అదే దిక్కు. 1990ల్లో లైను బ్రాడ్ గేజ్ అయింది.

తొలకరి పడితే తరగతి సగం ఖాళీ. పిల్లలు పెద్దోళ్ల వెంట చేలల్లో వజ్రాలు వెతకను పోయేవాళ్లు. బంగారం సంగతి వేరు, అది కంటికి కనబడదు. తెల్ల పలుగురాయి చారల్లో దాగుంటుంది. టన్ను రాయి పిండి చేస్తే గ్రామో రెండు గ్రాములో వస్తుంది. అయినా పాతకాలం వాళ్లు ఇక్కడ తవ్విన గుంతలు ఉన్నాయి. మౌర్యులు ఇంత దక్షిణానికి వచ్చింది ఈ బంగారం కోసమేనని చరిత్రకారులు కొందరంటారు. అశోకుని సువర్ణగిరి మన జొన్నగిరేనని ఒక వాదం, కర్ణాటకలోని కనకగిరి అని ఇంకో వాదం. నా మొగ్గు ఎటో చెప్పనక్కర్లేదు.

ఇదంతా నాకు చెప్పింది మా సోషల్ సారు. అశోకుని పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసి, మమ్మల్ని గుత్తి, పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడికి నడిపించుకుపోయారు. బండ వేడికి కాళ్లు కాలుతున్నా ఎవరూ కదల్లేదు. సారు అశోకుని కాలపు లిపి, బ్రాహ్మీ అక్షరాల పక్కనే వేలు జరుపుతూ పోయారు. ఒకచోట ఎడమ నుంచి కుడికి వెళ్లిన వేలు, తర్వాతి వరుసలో కుడి నుంచి ఎడమకు మళ్లింది. అక్కడి అశోకుని శాసనాల్లో చిన్నదాంట్లో కొంత భాగం అలాగే చెక్కారు.

"అమ్మానాయనల మాట వినాలి, శిష్యుడు గురువును గౌరవించాలి అని ఉందిరా ఇక్కడ. చదువు చెప్పేవాళ్లకు కూడా పని పురమాయించాడు రాజు, పాత పద్ధతిలో శిష్యులకు నేర్పమని" అన్నారు. ఏనుగులు నడిపేవాళ్లకు, రాతపని చేసే రాయసగాళ్లకు, రథాలు తోలేవాళ్లకు కూడా అదే ఆజ్ఞ. రాజుగారి ఆజ్ఞలో మా సారుకూ చోటుందని ఆ రోజు మాకెంత గర్వమో!

ఇప్పుడు జొన్నగిరి దగ్గర ప్రైవేటు గని వచ్చింది, లారీలు తిరుగుతున్నాయి. మన బడి పిల్లల్లో మాత్రం ఎర్రగుడి చూడనివాళ్లు చాలామంది. మన పూర్వ విద్యార్థుల కలయికకు వసూలైన డబ్బులో మిగిలింది వాళ్లకు ఎర్రగుడి చూపించే పనికి పెడదాం. ప్రతి ఏడూ చలికాలంలో తొమ్మిదో తరగతికి ఒక బస్సు మాట్లాడదాం. భోజనం, నీళ్లు నేను చూసుకుంటాను. శాసనం చదివి చెప్పగలిగే సారు ఎవరైనా తెలిస్తే నాకు చెప్పండి.