మా అమ్మాయి పదో తరగతి, నా సీసీఎల్ సెలవు

మా ఇంట్లో సెలవుల చరిత్ర చెప్పాలంటే అమ్మ దగ్గర మొదలుపెట్టాలి. అమ్మ బొబ్బిలి వైపు ఒక పల్లెలో టీచరు. నేను పుట్టాక సెలవు అయిపోగానే నన్ను చంకనేసుకుని బడికి వెళ్లిపోయేదట. తరగతి గది దూలానికి పాత నేత చీరతో ఉయ్యాల కట్టి, ఎక్కాలు రాని పిల్లలకి ఊపే డ్యూటీ వేసేదట. "రెండో ఎక్కానికి పడుకునేదానివే, పదమూడో ఎక్కం దగ్గరకొచ్చీసరికి లేచి ఏడ్చేదానివి" అని ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్తుంది.

నేనూ ఇక్కడ ఆంధ్రాలో ప్రభుత్వ బడి టీచర్నే, కానీ నాకు అంత కష్టం లేదు. మా అమ్మాయి 2008లో పుట్టింది, అప్పటికి మాకు ప్రసూతి సెలవు 120 రోజులు. 2010లో దాన్ని 180 చేశారు, 2011లో పుట్టిన చిన్నోడికి ఆ లాభం దక్కింది. "అమ్మ నా దగ్గరే ఎక్కువ రోజులుంది" అని వాడంటాడు, "నీ గొప్పేం కాదురా, జీవో గొప్ప" అని ఇదంటుంది.

ఇక 2024లో అమ్మాయి పదో తరగతి. మా ఆయనది గాజువాకలో ప్రైవేటు ఉద్యోగం, విజయనగరం నుంచి పొద్దున్నే రైలెక్కితే మళ్లీ రాత్రికే. నా బడేమో సాలూరు రోడ్డు మీద. అందుకని పిల్లల్ని చూసుకోవడానికి ఇచ్చే చైల్డ్ కేర్ లీవ్ పెడదామనుకున్నాను, దాన్నే మేం సీసీఎల్ అంటాం. 2016లో 60 రోజులతో వచ్చింది, 2022లో 180 అయింది, సర్వీసు మొత్తానికి అంతే, విడతలుగా వాడుకోవాలి. పిల్లల జబ్బులకే కాదు, పరీక్షలకీ ఇస్తారు, జీతం పూర్తిగా వస్తుంది, మిగతా సెలవుల్లోంచి కోయరు. వినడానికి బాగానే ఉంటుంది, అడిగి తెచ్చుకోవడంలోనే ఉంది తిరకాసంతా.

బడిలో ఉన్నదే ఇద్దరం. మా హెడ్‌మాస్టరు మంచివారే గానీ "ఒంటిపూట బడులే కదా మేడమ్, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటారు" అన్నారు. పరీక్షలు మొదలయ్యేదీ, ఒంటిపూట బడులు మొదలయ్యేదీ ఒకే రోజు, మార్చి 18. పిల్ల సెంటరుకి బయల్దేరే టైముకి నేను బళ్లో ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకుని, యాప్‌లో పెట్టడానికి మరుగుదొడ్ల ఫొటోలు తీస్తూ ఉంటాను సార్ అన్నాను. పాపం ఆయనా ఆ ఫొటోల బాధితుడే, ఇంకేం మాట్లాడకుండా సంతకం పెట్టేశారు.

ఆఫీసులో మాత్రం అప్లికేషన్ ఆగిపోయింది. ఎందుకంటే పుట్టిన సర్టిఫికెట్‌లో పిల్ల పేరు గడి ఖాళీగా ఉంది. అప్పట్లో పేరు పెట్టకముందే సర్టిఫికెట్ తెచ్చేసుకునేవాళ్లం, చాలామంది ఇళ్లలో ఇదే గొడవ. "పరీక్ష రాసేది ఈ పాపే అని ఎలా నమ్మమంటారు?" అన్నాడు గుమాస్తా. పదిహేనేళ్లుగా పెంచుతున్నానండీ, నాకు నమ్మకముంది అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. చివరికి హాల్ టికెట్టు, తల్లిదండ్రుల పేర్లతో బడి ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్టు, నాకున్నది ఈ ఇద్దరు పిల్లలే అని ఒక డిక్లరేషను కలిపి ఇస్తే కదిలింది. నా స్థానంలో పక్క ఊరి బడి నుంచి ఒక సార్‌ని సర్దుబాటు చేశారు. మీరెవరైనా పెట్టాలనుకుంటే కాగితాలు సంక్రాంతికే చూసుకోండి, మార్చిలో ఎవరి టెన్షన్‌లో వాళ్లుంటారు.

ఇంత చేసి ఇంట్లో కూర్చుంటే అమ్మాయికి నచ్చలేదు. తెల్లారకుండానే లేపి చోడి (రాగి) అంబలి చేతికిచ్చి, గోడకి టైమ్ టేబుల్ అంటించి, టీవీ కట్టేయించాను. సోషల్ పరీక్ష ముందు పుస్తకం మూసి నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఒక మాట చెప్తాను, కోప్పడకు. అమ్మమ్మ సీరియల్ సౌండ్ లేకపోతే నాకు చదువు ఎక్కట్లేదు."

అప్పుడు బయటపడింది. నేను బడికెళ్లిన ఇన్నేళ్లూ ఆ పిల్ల సాయంత్రాలు అమ్మమ్మ పక్కన చాప మీద కూర్చుని, అత్తాకోడళ్ల అరుపుల మధ్యే చదువుకుంటోందట. ఏ ఎపిసోడ్‌లో కోడలు ఇల్లొదిలి వెళ్లిపోయిందో చెప్తే ఆ రోజు చదివిన పాఠం గుర్తొస్తుందట! అమ్మ వంక చూస్తే, "ఏటే అలా చూస్తావు? గోలలో నిద్రపోయిన దాని కూతురే కదా అది" అంది.

టీవీ పెట్టించక తప్పలేదు. అది చదువుకుంటూంటే నాకూ ఆ సీరియల్ అలవాటైంది, మధ్యలో కొత్త సార్ ఫోన్ చేసి "మేడమ్, భోజనం ఫొటో అప్‌లోడ్ అవట్లేదు" అంటే ప్రకటనలొచ్చేదాకా ఆగమనేదాన్ని. పరీక్షలయ్యాక జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, వాడిన రోజులు సర్వీసు రిజిస్టరులో ఎక్కాయో లేదో దగ్గరుండి చూసుకున్నాను. ఇది మాత్రం మర్చిపోకండి, లేకపోతే మిగిలినవెన్నో తర్వాత తేలదు. మార్కులు బాగానే వచ్చాయి, ఆ ఘనత ఎవరిదో ఇంట్లో ఇంకా తేలలేదు.

మిగిలిన రోజులు చిన్నోడి పదో తరగతికి అట్టిపెట్టాను. వాడు మొన్న అమ్మమ్మ కాళ్లు పడుతూ, "అమ్మమ్మా, నా పరీక్షలప్పుడు అమ్మని ఎలాగైనా బడికి పంపించేయవా" అని అడుగుతున్నాడు.