అడుగు నూనె కదలాలి

ఇండోనేషియాలోని దుమాయ్‌లో ముడి పామాయిల్ ఎక్కించుకుని కాకినాడ వెళ్తే, ట్యాంకర్ ఓడలో పంపులూ సరుకు వేడీ చూసుకునే నాలాంటి పంప్‌మ్యాన్‌కి పెద్ద కష్టం లేదు. దారి పొడవునా బంగాళాఖాతం వెచ్చగానే ఉంటుంది. అదే సరుకుతో జనవరిలో రాటర్‌డామ్ వెళ్లాలంటేనే పని. మధ్యధరాలోకి వచ్చేసరికి నీళ్లు 15 డిగ్రీలకు పడిపోతాయి, నార్త్ సీలో ఇంకా సగానికి తగ్గుతాయి. ట్యాంకులో నూనె మాత్రం ప్రయాణంలో 32 నుంచి 40 డిగ్రీలు, దించేటప్పుడు 50 నుంచి 55 ఉండాలి.

అడుగున స్టీమ్ కాయిల్స్ (ఆవిరి పారే గొట్టాలు) ఉన్నాయి కదా అంటారు కొత్త కుర్రాళ్లు. చిక్కబడిన నూనె తనంతట తాను కదలదు. కాయిల్‌ని ఆనుకున్నది మాడుతుంటే, కాస్త అవతల స్టియరిన్, అంటే నూనెలో ముందుగా గడ్డకట్టే భాగం, పేరుకున్న నెయ్యిలా కూర్చుంటుంది. అందుకే రోజుకు 5 డిగ్రీలకు మించి వేడి పెంచకూడదు. ఆఖర్లో తొందరపడితే నూనె చెడిపోతుంది, చాలా ముందుగానే మొదలుపెట్టాలి.

వేడి ట్యాంకంతా పాకాలంటే సర్క్యులేషన్ చేయాల్సిందే. నూనె కదిలేంత పలచబడ్డాక ట్యాంకు అడుగు నుంచి తోడే డీప్‌వెల్ పంపుని తక్కువ స్పీడులో తిప్పి, అడుగు నూనెను డెక్ మీది పైపు లైన్లోకి లాగి, అడుగు దాకా దిగే డ్రాప్ లైన్ ద్వారా మళ్లీ అదే ట్యాంకులోకి పంపుతాం. పైనుంచి ధారగా పడనివ్వకూడదు, గాలి కలిస్తే నూనె పాడవుతుంది. రాగి, ఇత్తడి సామాను తగిలినా అంతే.

వేడి కొలిచే టేపు దించి పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా చూస్తాం. రిపోర్టులోకి వెళ్లే సగటు మీద నాకు నమ్మకం లేదు. పైన 54, అడుగున 44 ఉన్నా సగటు చూడ్డానికి బాగానే ఉంటుంది. నేను చూసేది అడుగు అంకె.

సోంపేట నుంచి అమ్మ ఫోన్ చేసి, 'అంత చలిలో రాత్రిపూట డెక్ మీద పనేంట్రా నాన్నా?' అంటుంది. కొనుక్కున్నవాడి కోసమే అయితే నేనూ ఇంత పట్టించుకోనేమో. అడుగున గడ్డకట్టింది పంపుకి అందదు. అప్పుడు మనవాళ్లు, ఫిలిప్పీన్స్ కుర్రాళ్లు ట్యాంకులోకి దిగి స్క్వీజీలతో (రబ్బరు అంచున్న తోపుడు కర్రలతో) తోయాలి. మెట్లన్నీ జారుతుంటాయి. వంటనూనె అవశేషాలు కూడా లోపలి ఆక్సిజన్‌ని తినేస్తాయి, మీటరు 20.9 శాతం చూపించందే ఎవర్నీ దిగనివ్వకూడదు. నూనె సమంగా వేడెక్కి ఉంటే వాళ్లు లోపల ఉండాల్సిన సేపు చాలా తగ్గుతుంది.