విలువ అందుబాటులో లేదు

మ్యూనిక్‌లో నా కొలువేంటో మా ఇంట్లో ఎవరికీ అంతుబట్టదు. యాప్ అయితే ఫోన్‌లో తీసి చూపించొచ్చు. నేనుండేది ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు డీబగ్గర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపి తప్పు ఎక్కడుందో వెతికే సాధనం) రాసే టీమ్‌లో. బతుకమ్మకు హనుమకొండ వచ్చినప్పుడు మా బాపు పట్టుబట్టాడు. "ఆర్ఈసీల సదివి గంత దూరం పోయినవ్. ఆడ ఏం జేస్తవో ఒక్కపారన్న చెప్పు బిడ్డా." ఆ కాలేజీ 2002లోనే ఎన్ఐటీ అయింది, ఆయనకు మాత్రం ఇప్పటికీ ఆర్ఈసీనే.

పరకాల దగ్గర మాకు కొంచెం పొలం ఉంది కాబట్టి పహాణీతో మొదలుపెట్టాను. పాత పహాణీల్లో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, ఆ ఏడు కాస్తులో ఉన్నవాడి పేరు ఇంకో కాలమ్‌లో ఉండేవి. మనం రాసిన కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ కూడా ప్రోగ్రామ్ వెంట అలాంటి రికార్డే రాసిపెడుతుంది. దాని ఫార్మాట్ పేరు డ్వార్ఫ్, 5వ వెర్షన్ 2017లో వచ్చింది. ఒక వేరియబుల్ (ప్రోగ్రామ్‌లో పేరు పెట్టి దాచుకున్న విలువ) కాసేపు ప్రాసెసర్‌లోనే ఉండే రిజిస్టర్ అనే చిన్న గడిలో ఉంటుంది, తర్వాత మెమరీలో స్టాక్ అనే భాగంలోకి పోతుంది, ఆ తర్వాత ఎక్కడా ఉండకపోవచ్చు. కోడ్‌లో ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్ దాకా అది ఎక్కడుందో ఆ రికార్డు చెప్పాలి. బాపు అంతా విని, "మరి కౌలుదారు మారినా రికార్డుల పాత పేరే ఉంటే?" అన్నాడు. నా పనిలో సగం తిప్పలు అక్కడే.

బ్రేక్‌పాయింట్ పెట్టడం, అంటే ప్రోగ్రామ్ ఫలానా చోట ఆగేలా చేయడం, పెద్ద విద్యేం కాదు. ఎక్స్86 రకం ప్రాసెసర్ల మీద, ఆపాల్సిన చోట మొదటి బైట్ తీసి హెక్స్‌లో సీసీ అనే బైట్ పెడతాం. ప్రోగ్రామ్ దానికి తగిలి ఆగేసరికి (దీన్నే ట్రాప్ అంటాం), తర్వాత నడవాల్సిన చోటు చూపే ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్ ఒక బైట్ ముందుకు పోయి ఉంటుంది, దాన్ని వెనక్కి లాగి పాత బైట్ పెట్టేయాలి. డ్వార్ఫ్ చదవడమే తలనొప్పి. ఏ అడ్రస్ మనం రాసిన కోడ్‌లో ఏ లైన్‌దో పట్టికగా రాస్తే మోయలేనంత అవుతుందని, దాన్ని తయారుచేసే చిన్న ప్రోగ్రామ్‌ను దాస్తారు: అడ్రస్ ఇంత పెంచు, లైన్ ఇంత పెంచు, ఒక వరుస రాయి. దాన్ని మనం నడుపుకోవాలి. అంకెలు చాలావరకు బైట్‌కు ఏడు బిట్ల చొప్పున ఉంటాయి, ఎనిమిదో బిట్ ఇంకా ఉందో లేదో చెబుతుంది. పెద్ద లైబ్రరీది మొత్తం ఒకేసారి చదివితే మెమరీ గోవిందా, అందుకే అడిగినప్పుడు అడిగినంతే.

ఆ సెలవుల్లోనూ కొన్ని సాయంత్రాలు పని తప్పలేదు. ఇక్కడ ఏడైతే అక్కడ మూడున్నర. బయట వాడకట్టంతా బతుకమ్మ ఆడుతుంటే, డీజే చప్పుడుకు నేను మైక్ మ్యూట్‌లో పెట్టుకుని కూర్చున్నాను. డివైస్ డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్) రాసే ఒకతని ఫిర్యాదు: మీ డీబగ్గర్ పాయింటర్ (మెమరీ అడ్రస్ పట్టుకునే వేరియబుల్) విలువ తప్పు చూపిస్తోంది. డిస్‌అసెంబ్లీ, అంటే మెషీన్ కోడ్‌ను మనం చదివేలా మార్చింది, తెరిచాను. పాయింటర్ ఆర్‌డీఐ రిజిస్టర్‌లో ఉంది, కింద వేరే ఫంక్షన్‌ను పిలిచే ఒక కాల్ ఉంది. ఫంక్షన్లు ఒకదాన్నొకటి ఎలా పిలుచుకోవాలో చెప్పే నియమాలుగా మేం పాటించే సిస్టమ్ ఫైవ్ ఏబీఐ ప్రకారం, పిలిచిన ఫంక్షన్ ఆర్‌డీఐని ఎలాగైనా వాడుకోవచ్చు. తిరిగొచ్చేసరికి పాత విలువ ఉండాలని లేదు. డ్వార్ఫ్ మాత్రం కాల్ దాటాక కూడా 'ఆర్‌డీఐలోనే' అంటోంది. కంపైలర్ రాసిన రికార్డే తప్పు.

కంపైలర్ వాళ్లు సరిచేస్తారు, మనకెందుకు అన్నాడు మేనేజర్. (అక్కడ ఆయన్ని పేరు పెట్టే పిలుస్తాం, నాకు మాత్రం ఇప్పటికీ 'సార్' నోటిదాకా వస్తుంది.) ఇప్పటికే బిల్డ్ అయి కస్టమర్ల దగ్గరున్న బైనరీల (కంపైల్ అయిన ప్రోగ్రామ్‌ల) సంగతేంటి అని నేను పట్టు వదల్లేదు. తప్పు విలువ చూపిస్తే మనిషి దాన్ని నమ్మి లేని బగ్ కోసం తిరుగుతాడు. 'విలువ అందుబాటులో లేదు' అంటే మనల్ని తిట్టుకుంటాడు, అంతే.

కేసును చిన్న ప్రోగ్రామ్‌గా కుదించి కంపైలర్ టీమ్‌కు పంపాం. మా వైపు, అలాంటి రిజిస్టర్ కాల్ దాటితే విలువ దాచే చెక్ రాశాను. రివ్యూలో ఒకామె అడ్డం తిరిగింది: కాల్ తర్వాత కోడ్ అదే విలువను మళ్లీ ఆర్‌డీఐలోకి తెచ్చుకుంటే, సరైనదాన్ని కూడా దాచేస్తాం కదా? పాయింటే. చివరికి విలువ చూపించి పక్కన ప్రశ్నార్థకం పెట్టాం. డ్రైవర్లాయనకు అదీ నచ్చలేదు, ఆఫ్ చేసుకునే సెట్టింగ్ కావాలన్నాడు. ఇచ్చాం, డిఫాల్ట్‌గా మాత్రం ఆన్‌లోనే ఉంటుంది.